మరి కూర సంగతేంటి? సెయింట్ థామస్ మార్లిన్ వేట లోగుట్టు

కరీబియన్ సముద్రంలో సెయింట్ థామస్ అని ఒక చిన్న దీవి ఉంది. అక్కడ పడవ మాట్లాడుకుని మార్లిన్ చేప కోసం నడిసంద్రంలోకి వెళ్తే రోజుకు రెండు వేల డాలర్లు దాటడం మామూలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో, కెరటాల మీద ఊగుతూ తిరగాలి. అదృష్టం బాగుంటే మనిషికి రెండు మూడింతల బరువున్న చేప గాలానికి తగులుతుంది. చేతులు పడిపోయేలా లాగి, దాన్ని పడవ పక్కకి తెచ్చి, ఆపైన వదిలేస్తారు. ఈ సంగతి భీమిలిలోనో మచిలీపట్నంలోనో చెప్పి చూడండి. ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: “మరి కూర?”

నవ్వుతూ అడిగినా అది అడగాల్సిన ప్రశ్నే. ఏ నెలలో వెళ్ళాలి, సగం రోజు సరిపోతుందా, పడిన చేప ఎవరిది, లైసెన్స్ తీసుకోవాలా లాంటి సందేహాలన్నీ దాదాపు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఒకే పడవ మీద, ఒకే కెప్టెన్ దగ్గర, అక్కడ రెండు వేర్వేరు వేటలు అమ్ముతారు. ఒకటి తిండి చేపల కోసం. రెండోది వదిలేయడానికే పట్టే చేప కోసం. వీటికి వెళ్ళే చోటు వేరు, సీజన్ వేరు, చట్టం వేరు, ఖర్చు వేరు. తాము ఏది కొంటున్నారో తేల్చుకోకుండా ఎక్కినవాళ్ళే తిరిగొచ్చాక మోసపోయామని వాపోతారు.

ఆ దీవే ఎందుకు

సెయింట్ థామస్ అమెరికా వర్జిన్ దీవుల్లో ఒకటి. 1917లో అమెరికా ఈ దీవుల్ని డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ముఖ్య పట్టణం షార్లెట్ అమాలీ. క్రూజ్ ఓడలు వచ్చి ఆగేది అక్కడే. వేట పడవలు ఎక్కువగా కనిపించేది మాత్రం దీవి తూర్పు కొసన ఉన్న రెడ్ హుక్‌లో. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 20 మైళ్ళు వెళ్తే నార్త్ డ్రాప్ అనే చోటు వస్తుంది. మార్లిన్ వేటగాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు ఉండరు.

పైకి చూస్తే అక్కడేమీ ఉండదు, నీళ్ళు తప్ప. ఉన్నదంతా అడుగున ఉంది. ఈ దీవులన్నీ ఒక మెట్ట మీద నిలబడి ఉన్నాయి. దాని మీద నీటి లోతు చాలాచోట్ల కొన్ని పదుల మీటర్లే. నార్త్ డ్రాప్ దగ్గర ఆ మెట్ట ఉన్నట్టుండి తెగిపోతుంది. కొద్ది దూరంలోనే లోతు వందల మీటర్లకు, అది దాటాక వేల మీటర్లకు దిగిపోతుంది. ఇంకా ఉత్తరాన ప్యూర్టో రికో అగాధం ఉంది. 8,000 మీటర్లకు పైగా లోతున్న ఆ చోటు మొత్తం అట్లాంటిక్‌లోకెల్లా లోతైనది.

ఆ అంచుకీ చేపకీ సంబంధం ఏంటంటే, తూర్పు నుంచి పడమరకు సాగే ప్రవాహం ఈ గోడకి కొట్టుకున్నప్పుడు లోతు నీరు కొంత పైకి లేస్తుంది, సుడులు పడతాయి. చిన్న చేపలు ఆ అంచు వెంట గుంపులు కడతాయి. వాటి కోసం ట్యూనాలు, ట్యూనాల కోసం మార్లిన్‌లు చేరతాయి. మిగతా సముద్రంలో మార్లిన్‌ని వెతకడం అంటే ఎక్కడని వెతుకుతారు? ఇక్కడ అంచు వెంట పోతే చాలు. కెప్టెన్ రోజంతా చేసేది దాదాపు అదే. లోతు చూపించే తెర మీద ఒక కన్ను, నీటి మీద వాలే పక్షుల మీద ఒక కన్ను వేసి ఆ గీత మీదే అటూ ఇటూ తిరుగుతుంటాడు.

ఈ దీవికి పేరు తెచ్చినది 1977 ఆగస్టు. ఆ నెలలో ఇక్కడ 1,282 పౌండ్ల నీలి మార్లిన్ పడింది. అంటే 580 కిలోల పైమాటే. అట్లాంటిక్ నీలి మార్లిన్‌లో అది ప్రపంచ రికార్డు. 1992లో బ్రెజిల్‌లోని విటోరియా దగ్గర 1,402 పౌండ్ల చేప పడేదాకా ఆ రికార్డు నిలిచింది. ఆ రెండూ ఆడ చేపలే అని వేరే చెప్పక్కర్లేదు. నీలి మార్లిన్‌లో మగవి 150 కిలోలు దాటడం అరుదు. అంతకు మించి పెరిగేవన్నీ ఆడవే. కాబట్టి రికార్డు కోసం పెద్ద చేపను చంపడమంటే గుడ్లు పెట్టే తల్లిని చంపడమే. చేపను వదిలేసే పద్ధతికి వెనకున్న లెక్కల్లో ఇదొకటి.

మార్లిన్ మన తీరానికి కొత్త చేపేం కాదు. మన మత్స్యకారులు కొమ్ముకోనాం అనేది ఈ జాతినే. విశాఖ హార్బర్‌లో వేలానికి వస్తుంది, ముక్కలుగా అమ్ముడవుతుంది. దాని కొమ్ము ఎంత ప్రమాదమో కూడా మనవాళ్ళకి తెలుసు. 2022లో పరవాడ వైపు నుంచి వేటకెళ్ళిన ఒక మత్స్యకారుడు నల్ల మార్లిన్ పొడవడంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. కుర్చీలో బెల్టు పెట్టుకుని కూర్చుని, పక్కన ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని చేసే వేట వేరు. చిన్న పడవలో వట్టి చేతులతో తాడు లాగే బతుకు వేరు. చేప ఒకటే అయినంత మాత్రాన ఈ రెండింటినీ ఒక గాటన కట్టలేం.

సగం రోజంటే సగం ధరకి అదే వేట కాదు

సెలవులకి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా తీసుకునేది సగం రోజు ట్రిప్పు, అంటే నాలుగు గంటలు. ఖర్చు వెయ్యి డాలర్లకి అటూ ఇటూ. ఇందులో నార్త్ డ్రాప్ ఉండదు. పోనూ రానూ ప్రయాణానికే రెండు గంటలు దాటిపోతే, గాలం వేయడానికి మిగిలేదేముంది? అందుకని సగం రోజు పడవలు దక్షిణం వైపు వెళ్తాయి. అక్కడా మెట్ట తెగిపోయే అంచు ఉంది. దాని పేరు సౌత్ డ్రాప్. దూరం సుమారు ఎనిమిది మైళ్ళు. మెట్ట మీదే, ఒడ్డుకి ఇంకా దగ్గరగా తిరిగే పడవలూ ఉన్నాయి.

అక్కడ పడేవి తిండి చేపలు. మాహి మాహి, వాహూ, చిన్న ట్యూనాలు, కింగ్‌ఫిష్. ఈ కింగ్‌ఫిష్‌ని చూస్తే మనకి చప్పున వంజరం గుర్తొస్తుంది. రెండూ ఒకే కుటుంబం, దగ్గరి చుట్టాలు. వాహూ కూడా ఆ బంధువర్గమే. సన్నగా పొడుగ్గా, ఒంటి మీద నీలం చారలతో ఉంటుంది, దాని వేగానికి తాడు చుట్టి ఉండే రీల్ మీద వేలు పెట్టి ఆపబోతే చర్మం ఊడుతుంది. కత్తెరలాంటి పళ్ళుంటాయి కాబట్టి ఎరకు ముందు కొంత మేర లోహపు తీగ కడతారు. మాహి మాహి అందం మరీ చిత్రం. నీళ్ళలోంచి తీసినప్పుడు పసుపు, ఆకుపచ్చ, నీలం కలిసి మెరుస్తుంది. పడవలో పడ్డ కొద్ది నిమిషాలకే ఆ రంగులన్నీ వెలిసిపోయి బూడిద రంగుకి తిరుగుతుంది.

తినడానికి ఏది పట్టినా పర్వాలేదా అంటే, మాహి మాహి విషయంలో పెద్దగా మనసు పీక్కోనక్కర్లేదు. పుట్టిన కొద్ది నెలలకే గుడ్లు పెడుతుంది, బతికేది మహా అయితే నాలుగైదేళ్ళు, పెరిగే వేగం అంతా ఇంతా కాదు. మార్లిన్ అలా కాదు. పెద్దదవడానికి ఏళ్ళు పడుతుంది, ఇరవై ఏళ్ళకు పైగా బతకగలదు. ఒకటి పోతే ఆ లోటు పూడడం అంత సులువు కాదు.

నాకడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలతో వెళ్ళేవాళ్ళకి, సగం రోజు దక్షిణం వైపు ట్రిప్పే మేలు. ఏదో ఒకటి పడే అవకాశం ఎక్కువ, తలా ఒకసారి రీల్ తిప్పొచ్చు, సాయంత్రానికి పళ్ళెంలోకి చేప వస్తుంది. మార్లిన్ రోజు అలా ఉండదు. పగలంతా తిరిగి ఒక్క చేప కూడా పైకి రాని రోజులు చాలా ఉంటాయి. అది కెప్టెన్ తప్పూ కాదు, మోసమూ కాదు. మీరు కట్టేది ఆ అంచు మీద కొన్ని గంటలు తిరగడానికి, దానికి కాలే డీజిల్‌కి, ఇద్దరు మనుషుల నైపుణ్యానికి. చేపకి కాదు.

పౌర్ణమి, తుపాను, హోటల్ గది

జనం సెలవులకి వచ్చే కాలం ఒకటి, పెద్ద చేప వచ్చే కాలం ఒకటి. ఈ రెండూ కలవవు. అమెరికా, యూరప్ చలికి తట్టుకోలేక జనం దీవులకి వచ్చేది డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. హోటళ్ళు నిండేది, రేట్లు పేలేది అప్పుడే. నీలి మార్లిన్‌కి మంచి కాలం మాత్రం జులై నుంచి అక్టోబర్ దాకా. డిసెంబర్‌లో వెళ్ళి “మార్లిన్ పట్టించండి” అంటే కెప్టెన్ కాదనకపోవచ్చు, కానీ అతని మొహం చూస్తే తెలుస్తుంది. పైగా ఆ నెలల్లో ఈశాన్యం నుంచి గాలులు బలంగా వీస్తాయి. అక్కడివాళ్ళు వాటిని క్రిస్మస్ గాలులంటారు. ఉత్తరం వైపు సముద్రం అప్పుడు కడుపులో పేగులన్నీ కదిలిస్తుంది. ఆ కాలంలో వాహూ కోసం, వసంతం వైపు వెళ్ళేకొద్దీ మాహి మాహి కోసం దక్షిణం అంచుకి పోవడమే తెలివైన పని.

జులై నుంచి అక్టోబర్ అంటే తుపానుల కాలం కూడా. 2017 సెప్టెంబర్‌లో రెండు వారాల తేడాతో ఇర్మా, మరియా అనే రెండు మహా తుపానులు ఈ దీవుల్ని కకావికలం చేశాయి. ఇర్మా సెయింట్ థామస్‌ని నేరుగా తాకింది. రేవుల్లో కట్టేసిన పడవలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. అందుకే ఆ నెలల్లో గదులు చవగ్గా దొరుకుతాయి, పెద్ద చేపా అప్పుడే దొరుకుతుంది, టికెట్లు క్యాన్సిల్ అయ్యే టెన్షనూ అప్పుడే ఉంటుంది. ప్రయాణపు బీమా లేకుండా ఆ కాలంలో బయల్దేరొద్దని అక్కడ తరచూ వెళ్ళేవాళ్ళు చెప్పే మాట.

ఆ నాలుగు నెలల్లోనూ అన్ని రోజులకీ ఒకే గిరాకీ ఉండదు. పౌర్ణమికి అటూ ఇటూ ఉండే రోజులు ముందే అయిపోతాయి. మార్లిన్ వెన్నెల రోజుల్లో అంచు దగ్గరికి ఎక్కువగా చేరుతుందని అక్కడి కెప్టెన్ల గట్టి నమ్మకం. మార్లిన్ వేటలో జరిగే పెద్ద పందేల తేదీలు కూడా చంద్రుణ్ణి చూసే పెడతారు. మన తీరంలో పౌర్ణమి, అమావాస్య చూసుకుని వలలు వేసేవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. మీ సెలవుల తేదీలు మార్చుకునే వీలుంటే ముందు పంచాంగం తీసి పౌర్ణమి చూసుకుని, తర్వాత విమానం టికెట్ కొనండి.

పడవ మీద జరిగేది

రేవు దాటాక గంటకు పైగా వేగంగా పోతారు. అంచు దగ్గరికి రాగానే పడవ వేగం ఏడెనిమిది నాట్లకి, అంటే గంటకు పదమూడు నుంచి పదిహేను కిలోమీటర్లకి తగ్గుతుంది. రెండు పక్కలా పొడవాటి కర్రలు రెక్కల్లా విప్పుతారు. వాటి సాయంతో వెనకాల నీటి మీద ఎరలు ఒకదానికొకటి చుట్టుకోకుండా దూరదూరంగా పరుగెడతాయి. వీటిలో కొన్నింటికి కొక్కెమే ఉండదు. అవి వట్టి ఆశ పెట్టడానికి. మార్లిన్ వచ్చి అలాంటి ఉత్తుత్తి ఎర మీద పడగానే కలాసీ దాన్ని ఆ చేప ముక్కు ముందు నుంచి లాగేసుకుంటూ పడవ దగ్గరికి రప్పిస్తాడు. ఆ కోపంలో ఉన్న చేప ముందుకి కొక్కెం ఉన్న అసలు ఎరను జారవిడుస్తారు. ఈ పద్ధతికి సెయింట్ థామస్ పడవలు బాగా పేరుపడ్డాయి. కళ్ళెదుటే, పడవకి కొద్ది గజాల దూరంలో, చేప ఒళ్ళంతా నీలం ఊదా చారలతో వెలిగిపోతూ ఎర వెంట పడడం చూడొచ్చు. వేట మానేసి ఆ ఒక్క నిమిషం చూడ్డానికే వచ్చేవాళ్ళూ ఉన్నారు.

చేప తగిలిందంటే పడవ మీద ఒక్కసారిగా అంతా గందరగోళంలా అనిపిస్తుంది, కానీ ఎవరి పని వాళ్ళకి తెలుసు. రీల్ కీచుమని అరుస్తూ వందల గజాల తాడు వదిలేస్తుంది. కలాసీ మిగతా గాలాలన్నీ చకచకా చుట్టేస్తాడు, లేకపోతే తాళ్ళు మెలిపడి అంతా పోతుంది. మీరు కుర్చీలో కూర్చుంటారు, నడుముకి పట్టీ బిగిస్తారు. తర్వాత పని చేతులది కాదు, కాళ్ళదీ వీపుదీ. పాదాలతో తన్నిపెట్టి వెనక్కి వాలాలి, ముందుకొస్తూ రీల్ తిప్పాలి. పైన కెప్టెన్ పడవని వెనక్కి నడిపిస్తూ చేప వైపే పోతాడు. సగం తాడు అతనే సంపాదించి పెడతాడు. నిజం చెప్పాలంటే చేపను పట్టేది ముఖ్యంగా కెప్టెనే, కుర్చీలో ఉన్నవాడు కాదు. కానీ ఫొటో మాత్రం కుర్చీలో ఉన్నవాడిదే.

రికార్డుల లెక్క ఇక్కడే తేడా పడుతుంది. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం నియమాల ప్రకారం చేప తగిలింది మొదలు గాలపు కర్రని ఒక్కరే పట్టుకోవాలి. మధ్యలో వేరేవాళ్ళ చెయ్యి తగిలినా లెక్కలోకి రాదు. టూరిస్టు పడవల్లో చాలాసార్లు కలాసీయే చేపను తగిలించి కర్ర మీ చేతికి ఇస్తాడు, అలసిపోతే మీ బావమరిది అందుకుంటాడు. సరదాకైతే ఏ బాధా లేదు. ఆ చేపను రికార్డుకి పంపుదామంటే కుదరదు, అంతే.

మన కుటుంబాలకి వచ్చే చిక్కు ఇంకొకటుంది. ఇలాంటి పడవల్లో చాలావాటి కెప్టెన్లకి అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చే లైసెన్స్ డబ్బు కట్టే ప్రయాణికుల్ని ఆరుగురికి మించి ఎక్కించుకోనివ్వదు. చంటిబిడ్డ కూడా ఒక తలే. అత్తామామలు, ఇద్దరు తోడికోడళ్ళు, పిల్లలు కలిసి తొమ్మిది మంది రేవుకి వెళ్ళి “సర్దుకుంటాం లెండి” అంటే సర్దుబాటు ఉండదు. రెండు పడవలు మాట్లాడుకోవాలి, లేదా ఎక్కువ మందికి అనుమతి ఉన్న పెద్ద పడవ చూసుకోవాలి. కెప్టెన్ మొండివాడనుకోకండి. ఏడో మనిషిని ఎక్కిస్తే అతని లైసెన్స్ పోవచ్చు.

కడుపు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఘాట్ రోడ్డు మీద బస్సెక్కే ముందు మనవాళ్ళు అవోమిన్ వేసుకున్నట్టే అక్కడ మెక్లిజిన్ బిళ్ళ వేసుకుంటారు, మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు. ముందు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకునేవాళ్ళున్నారు. మత్తుగా ఉంటుంది కాబట్టి వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగాలి. కడుపు ఖాళీగా పెట్టుకోకండి, అలాగని పూరీ కూరా కట్టుకుని పోకండి. ఇడ్లీ అయితే పర్వాలేదు. అరటిపండు మాత్రం సంచిలో ఉండకూడదు. పడవలోకి అరటిపండు వస్తే చేప పడదని వేట పడవలన్నిటా గట్టి మూఢనమ్మకం. మన ఇళ్ళలో కొబ్బరికాయ, అరటిపండు లేకుండా శుభకార్యం మొదలవదు, అక్కడేమో అరటిపండు కనిపిస్తే కలాసీ సముద్రంలోకి విసిరేస్తాడు. వాదించి లాభం లేదు.

వదిలేయడం దయా, చట్టమా

రెండూ ఉన్నాయి, మూడోదిగా డబ్బు కూడా ఉంది. ముందు చట్టం సంగతి. అమెరికా నీళ్ళలో అట్లాంటిక్ మార్లిన్‌ని వ్యాపారానికి పట్టడం, అమ్మడం 1988 నుంచి నిషేధం. సరదాకి పట్టేవాళ్ళు ఉంచుకోవచ్చు కానీ నీలి మార్లిన్ కింది దవడ కొస నుంచి తోక చీలిక దాకా కనీసం 99 అంగుళాలు ఉండాలి, అంటే రెండున్నర మీటర్లు. అదీ అమెరికా అంతా కలిపి, నీలి, తెల్ల మార్లిన్‌లూ వాటి దగ్గరి జాతి ఒకటీ కలిపి, ఏడాదికి 250 చేపలే ఒడ్డుకు తేవచ్చు. తెచ్చినవాటిని అధికారులకి తెలియజేయాలి. ఇంత లోతుగా లెక్కపెట్టే చేపను కూరకి ఎవరు తెస్తారు? పెద్ద పందేల్లో ఒకటీ అరా తప్ప మిగతావన్నీ నీళ్ళలోకే.

వదిలేసే పద్ధతి మీద కూడా నిబంధన ఉంది. ఉంచుకోని చేపను నీళ్ళలోంచి పైకి తీయకుండానే వదలాలి. పడవలో పడుకోబెట్టి, పక్కన నిలబడి తీయించుకున్న పాత ఫొటోలు నెట్‌లో కనిపిస్తాయి. అలాంటి ఫొటో కావాలని కలాసీని ఒత్తిడి చేయకండి, అది చట్టం తప్పమని అడగడమే. చేప కొమ్ము పట్టుకుని నీటి అంచున ఉంచి, కొక్కెం తీసి, కాసేపు పడవతో పాటు ముందుకి లాగుతూ దాని మొప్పల్లోకి నీళ్ళు పారేలా చేస్తారు. అది తోక ఆడించి తనంతట తాను దిగిపోయేదాకా పట్టుకుంటారు. ఆ కాస్త సేపే ఫొటోకి దొరికే సమయం. గోడకి తగిలించుకునే బొమ్మ కావాలన్నా చేపను చంపక్కర్లేదు. కొలతలు, ఫొటో ఇస్తే ఫైబర్‌గ్లాస్‌తో అచ్చం అలాంటిదే తయారుచేసి ఇస్తారు.

వదిలినది బతుకుతుందా అన్నది న్యాయమైన అనుమానం. దీనికి జవాబు చాలావరకు కొక్కెం ఆకారంలో ఉంది. పాత కొక్కెం ఇంగ్లీషు ‘జె’ అక్షరంలా ఉంటుంది. చేప ఎరను మింగితే అది గొంతులోనో పొట్టలోనో దిగబడుతుంది. సర్కిల్ హుక్ కొస లోపలికి వంగి ఉంటుంది. తాడు బిగుసుకున్నప్పుడు అది జారుకుంటూ వచ్చి ఎక్కువగా నోటి మూల పట్టుకుంటుంది. తెల్ల మార్లిన్‌లకి ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలి చూసిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. జె కొక్కెంతో పట్టినవాటిలో దాదాపు మూడో వంతు చనిపోయాయి. సర్కిల్ హుక్‌తో పట్టినవి అన్నీ బతికాయి. ఈ తేడా తెలిశాక అమెరికా మార్లిన్ పందేల్లో సహజమైన ఎర వాడితే సర్కిల్ హుక్ తప్పనిసరి చేసింది. కాబట్టి పడవ మాట్లాడుకునేటప్పుడు ఏ హుక్ వాడతారని అడగడం అతి తెలివి ప్రశ్నేం కాదు.

అయినా ఇది చేపకి బాధలేని ఆట అని నేననను. గంట సేపు ప్రాణం కోసం పెనుగులాడిన జీవి అలసటతో సొరచేప నోట పడిన సందర్భాలూ ఉన్నాయి. వదిలేసేవాళ్ళంతా జీవకారుణ్యంతో వదులుతున్నారనీ అనుకోను. బతికున్న మార్లిన్ ఏటా వేల మందిని ఆ దీవికి రప్పిస్తుంది. హోటల్, డీజిల్, పడవ అద్దె, కలాసీ టిప్పు అన్నీ దాని పేరు మీదే నడుస్తాయి. చచ్చిన మార్లిన్ ఒక్కసారే అమ్ముడవుతుంది. ఆ లెక్క దీవికి ఎప్పుడో అర్థమైంది.

ఇంకొక వైపు నుంచి చూస్తే సరదా పడవలు చంపే మార్లిన్‌లు చాలా తక్కువ. ఎక్కువగా చచ్చేది మైళ్ళ పొడవు తాళ్ళకి వేలాది కొక్కేలు కట్టి ట్యూనా, కత్తి చేప కోసం వేట సాగించే పెద్ద ఓడల వల్ల. మార్లిన్ వాటికి అనుకోకుండా తగులుతుంది. ఈ చేప ఒక దేశానిది కూడా కాదు. అమెరికాలోని డెలవేర్ తీరంలో ట్యాగు కట్టి వదిలిన ఒక నీలి మార్లిన్ సుమారు మూడేళ్ళ తర్వాత మారిషస్ దగ్గర, అంటే మన హిందూ మహాసముద్రంలో దొరికింది. అందుకే అట్లాంటిక్ ట్యూనా జాతుల సంరక్షణకి ఉన్న అంతర్జాతీయ కమిషన్, ఐక్యాట్, దేశాలన్నిటికీ కలిపి కోటా పెడుతుంది. 2019లో నీలి మార్లిన్‌కి ఏడాదికి 1,670 టన్నుల పరిమితి నిర్ణయించింది. ప్రకృతి సంరక్షణ సంఘాల ఎర్ర జాబితాలో ఈ చేప ముప్పున్న జాతుల్లో ఉంది.

మరి మిగతా కరీబియన్ అంతా ఇలాగే ఉందా? లేదు. బార్బడోస్‌లో శుక్రవారం రాత్రి ఒయిస్టిన్స్ వెళ్తే నిప్పుల మీద కాల్చిన మార్లిన్ ముక్క పళ్ళెంలో పెట్టి ఇస్తారు. గ్వాడలూప్, మార్టినిక్ లాంటి చోట్ల చిన్న పడవల మత్స్యకారులు లోతు నీటిలో తేలే గుర్తులు లంగరు వేసి, వాటి చుట్టూ చేరే ట్యూనాలు, మార్లిన్‌లు పట్టి అమ్ముకుంటారు. అది వాళ్ళ కూడు. సెయింట్ థామస్‌లో వదిలేసి వచ్చిన టూరిస్టు వాళ్ళని చూసి మొహం చిట్లించడంలో అర్థం లేదు.

ఇక కూర సంగతి

తిండి చేపల్లో మొదటి తగాదా అవి ఎవరివన్నది. డబ్బు మనం కట్టాం, చేప మనం లాగాం, కాబట్టి మనదే అనుకుంటాం. చాలా కరీబియన్ దీవుల్లో ఆనవాయితీ అది కాదు. పడిన చేప పడవది, మీ భోజనానికి సరిపడా కోసి ఇస్తారు, మిగతాది కెప్టెన్ అమ్ముకుంటాడు. బార్బడోస్, సెయింట్ లూసియా వైపు ఇది బాగా ఉంది. కలాసీ జీతంలో అదొక భాగం. సెయింట్ థామస్‌లో పడవ పడవకీ పద్ధతి మారుతుంది. రేవులో చేప ముందు నిలబడి గొడవ పడే బదులు బుక్ చేసేటప్పుడే ఒక్క మాట అడిగేస్తే సరి. హోటల్ గదిలో పొయ్యి ఉండదు కాబట్టి తెచ్చిన చేపను వండిపెట్టే రెస్టారెంట్ ఏదైనా ఉందేమో కూడా ఆ కెప్టెన్‌నే అడగొచ్చు.

రెండోది విషం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కరీబియన్ పగడపు దిబ్బల మీద పెరిగే ఒక సూక్ష్మజీవి వల్ల సిగ్వటెరా అనే జబ్బు తెచ్చే విషం చిన్న చేపల్లోకి, వాటి నుంచి పెద్ద చేపల్లోకి చేరుతుంది. వర్జిన్ దీవుల్లో ఇది కొత్త కాదు. బరకూడా, పెద్ద ఆంబర్‌జాక్, కొన్ని స్నాపర్లు దీనికి పేరుపడ్డవి. చేప చూడ్డానికి తాజాగానే ఉంటుంది, వాసన మారదు, ఎంత ఉడికించినా వేయించినా, పులుసులో ఎంత చింతపండు పోసినా విషం పోదు. వాంతులు, విరేచనాలు, ఆపైన చేతులూ పెదాలూ తిమ్మిర్లు, చల్లటి వస్తువు ముట్టుకుంటే కాలినట్టు అనిపించడం దీని లక్షణాలు. కొందరిలో వారాల తరబడి ఉంటుంది. దిబ్బల దగ్గర కాకుండా నడిసంద్రంలో తిరిగే మాహి మాహి, ట్యూనా, వాహూలతో ఈ భయం చాలా తక్కువ. కలాసీ ఒక చేపను చూసి “ఇది తినొద్దు” అని పారేస్తే దాన్ని అతను దాచుకుంటున్నాడని అనుమానించకండి.

మూడోది పాదరసం. గర్భిణులు, బిడ్డకి పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు తినకూడదని అమెరికా ఆహార ఔషధ సంస్థ చెప్పే జాబితాలో మార్లిన్, కింగ్ మాకెరెల్ రెండూ ఉన్నాయి. అక్కడ కింగ్‌ఫిష్ అనేది ఈ కింగ్ మాకెరెల్‌నే. వంజరంలా ఉంది కదా అని గర్భిణికి వండి పెట్టకూడదు. ఆ ఇంట్లో మాహి మాహి వండుకోండి.

కాగితాలు, బయానా, టిప్పు

నార్త్ డ్రాప్‌లో చాలా భాగం బ్రిటిష్ వర్జిన్ దీవుల నీళ్ళలో ఉంది. పొద్దున అమెరికాలో ఎక్కిన పడవ మధ్యాహ్నానికి ఇంకో పరిపాలన కింద ఉన్న సముద్రంలో వేటాడుతుంది. అక్కడ బయటివాళ్ళు అనుమతి లేకుండా చేప పట్టడం నేరం. ఈ బాధ్యత పడవవాళ్ళదే అయినా, మార్లిన్ రోజుకి డబ్బు కట్టే ముందు “బ్రిటిష్ వైపు అనుమతి ఈ ఏడాదికి ఉందా, లేకపోతే ఎక్కడ తిరుగుతారు?” అని అడగాలి. అమెరికా వైపు పెద్ద చేపలకి కావాల్సిన ఫెడరల్ పర్మిట్ పడవ పేరు మీద ఉంటుంది, ప్రయాణికుడు విడిగా తీసుకోనక్కర్లేదు. అదే మీరే ఒక చిన్న పడవ అద్దెకి తీసుకుని సొంతంగా వెళ్తే ఆ పూచీ అంతా మీది.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు సెయింట్ థామస్‌కి ఎక్కువగా వెళ్ళేది అది అమెరికాలో భాగమేనన్న ధైర్యంతో. అది నిజమే, కానీ తిరుగు విమానం ఎక్కే ముందు అక్కడ కస్టమ్స్ అధికారులు అందరి కాగితాలూ చూస్తారు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్ట్, వీసాకి సంబంధించిన పత్రాలు హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఇంట్లో వదిలేసి పోకూడదు.

ధరలో చేరని ఖర్చు టిప్పు. ట్రిప్పు మొత్తంలో 15 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడ రివాజు. పొద్దున్నే వచ్చి ఎరలు కట్టేది, మీ పిల్లాడు వాంతి చేసుకుంటే కడిగేది, చేప కోసి సంచిలో పెట్టేది కలాసీ. అతని సంపాదనలో పెద్ద వాటా ఇదే, చేప పడని రోజున కూడా. వాతావరణం బాగాలేక వెళ్ళలేమని కెప్టెన్ అంటే సాధారణంగా బయానా వెనక్కి ఇస్తారు లేదా తేదీ మారుస్తారు. కెప్టెన్ వెళ్దామన్నాక కెరటాలు చూసి మీరు వెనక్కి తగ్గితే డబ్బు తిరిగి రావడం కష్టం. ఈ షరతు ఏ పడవ ఎలా రాసుకుందో బయానా పంపే ముందే చదవండి.